జంగమ్మ మిరపతోటలో జంబో రెక్క

శనివారం పొద్దున సంతోషి వేసుకున్న పథకం చాలా చిన్నది. జిల్లా సైన్సు ప్రదర్శనకు బడి తరఫున ఎగిరే నమూనా విమానం చేయాలి. ఏ విమానానికి నమూనా చేస్తున్నారో ఆ సాయంత్రంలోగా రాసి పంపాలి. ఉన్నది ఒక్క మోటారు, నాలుగు థర్మాకోల్ షీట్లు. వాటితో గాలిలోకి లేచేది రెండు సీట్ల శిక్షణ విమానం ఒక్కటే. ఆ మాట సైన్సు చెప్పే అనంతయ్య సారుకు చెప్పాలి. ఎలా చెప్పాలో నోటుపుస్తకంలో రాసుకుంది కూడా.

రాజేంద్రనగర్ బస్సు దిగుతూనే సారు, "జంబో చేద్దాం. నాలుగు ఇంజన్లు. ఎయిర్‌పోర్టు పక్క ఊర్ల ఉండి చిన్న విమానం చేస్తే నవ్వుతరు" అన్నారు.

సంతోషి నోరు తెరిచింది. "సరే సార్" అన్న మాటే బయటికి వచ్చింది.

"అసలు విమానం ఎంతుంటదో కండ్లతో చూస్తేనే నమూనా లెక్క అర్థమైతది. మీ చేన్ల సున్నంతో గీద్దాం పా."

సంతోషి తండ్రి పెంటయ్య పనుండి ఆరాంఘర్ పోయాడు. జొన్న కోసేసిన చేను ఖాళీగా ఉంది. రెక్కల కొస నుంచి కొసకు అరవై నాలుగు మీటర్లు. టేపు నలభై చూపించేసరికే చేను అయిపోయింది. ఎడమ రెక్క గట్టు దాటి జంగమ్మ మిరపతోటలో దిగింది. తోక పోయి పక్క చేను దశరథం బోరు మీద కూర్చుంది.

టేపూ సున్నమూ కలిసి వస్తే ఏమిటో ఆ ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. విమానాశ్రయానికి భూములు పోయినప్పుడు ముందుగా వచ్చినవి అవే. పావుగంటలో సగం ఊరు గట్టు మీద నిలబడింది.

"రెండో రన్‌వేనా సార్?" అన్నాడు దశరథం.

"కాదు. విమానం. పిల్లల కోసం."

"గప్పుడు గూడ గిట్లనే చెప్పిండ్రు. ఊరోళ్ల కోసమని."

జంగమ్మ మాటలు పెట్టుకోలేదు. వచ్చి ఎడమ రెక్క మధ్యలో చతికిలబడింది. "సారూ, రెక్క తీస్తవా, నన్ను తీస్తవా?"

"ఇది థర్మాకోల్‌తో చేసేదమ్మా, గింతే ఉంటది" అని సారు చేతులు చాచి చూపించారు.

"మరి గింతదానికి గంత భూమేంది?"

ఆ ప్రశ్నకు సైన్సులో జవాబుంది గానీ, గట్టు మీద చెప్పగలిగేది కాదు. సారు ఎడమ రెక్కను సగానికి చెరిపారు. "ఆమెకు తగ్గించి నాకు తగ్గియ్యవా?" అని దశరథం అడిగాడు. తోక పోయింది. ఆ చుట్టుపక్కల గజం భూమి లేని కుర్మయ్య కూడా ముందుకొచ్చి, "నాకేం లేదు గాని సార్, నాలుగు ఇంజన్లంటే చప్పుడు. జర రెండు తియ్యి" అన్నాడు. ఊరంతా ఒక మాట మీద ఉన్నప్పుడు కాదనడం దేనికని సారు అవీ తీసేశారు. మధ్యాహ్నానికి జంబో ఈకలు పీకిన కోడిలా పడి ఉంది.

"గింతకన్న చిన్నది లేదా బిడ్డా?" జంగమ్మ సంతోషిని అడిగింది.

పొద్దున్నుంచి ఆ పిల్లను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. "ఉంది" అంది సంతోషి, నేల చూస్తూ. "రెండు సీట్లది. పదకొండు మీటర్లే."

"గదే గీయుండ్రి సార్" అంది గట్టు మొత్తం.

సారు గట్టు వైపు చూశారు. మిరపతోటలోంచి ఇంకా లేవని జంగమ్మ వైపు చూశారు. తల ఊపారు.

కొత్త గీతలు పెంటయ్య చేను నడుమ ఎవరినీ తాకకుండా చక్కగా ఇమిడిపోయాయి. జనం చల్లబడి ఇళ్లకు పోయారు. సంతోషి మొదటిసారి నవ్వింది. అప్పుడే ఆరాంఘర్ నుంచి తిరిగొచ్చిన పెంటయ్య సున్నం గీతల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"అందరి భూములు మంచిగనే ఉన్నయి. మొత్తం నాదాంట్లనే దిగిందేంది బిడ్డా?" అని, పైలట్ సీటు ఉండాల్సిన చోట కూర్చుని, లేవనన్నాడు.

సారు వాచీ చూసుకున్నారు. దరఖాస్తును మోకాలి మీద పెట్టుకుని రెండు సీట్ల విమానం పేరు రాశారు. దాని కింద, ఎంపికకు కారణం అన్న చోట, గుండ్రటి అక్షరాలతో నింపారు: "గ్రామస్థుల ఏకగ్రీవ తీర్మానం, ఒకరు మినహా."