ఎలాగూ కొంటున్నాం కదా, మంచి గాలమే కొందాం!

చేపలు పట్టే విద్యలో అన్నిటికంటే అనవసరమైన పని ఒకటుంది. నీళ్ళ దాకా వెళ్ళడం!

కోప్పడకండి, నిదానంగా వినండి. వెనకటికి మనిషి ఏం చేసేవాడు? చేతికందిన కర్ర విరుచుకునేవాడు, దానికో దారం కట్టేవాడు, వెళ్ళి గట్టున కూర్చునేవాడు. సాయంత్రానికి చేప పడితే పడేది, లేకపోతే లేదు. ఎంత అనాగరికం! ఆ కర్ర గురించి నలుగురి అభిప్రాయం కనుక్కున్నాడా? పక్కన ఇంకో నలభై కర్రలు పెట్టి పోల్చి చూశాడా? కనీసం దానికి ఎన్ని స్టార్లు వచ్చాయో అడిగాడా? లేదు. అందుకే పాపం వాడి బతుకంతా చేపలతోనే తెల్లారిపోయింది.

మనం అదృష్టవంతులం. మన కాలంలో చేపను పట్టడం కంటే గాలాన్ని ఎంచుకోవడమే పెద్ద పని అయి కూర్చుంది. వస్తువుకి వెయ్యి రకాలు, రకానికి వెయ్యి రివ్యూలు, రివ్యూకి వంద తగాదాలు. దీన్ని పట్టుకుని కొందరు పెద్దలు పీడ అంటున్నారు. పీడ కాదండీ బాబూ, వరం! కావాలంటే మా తోడల్లుడి సంగతే చూడండి.

మా తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఏ మేడలో లిఫ్టు కదలాలన్నా ఆయన వచ్చి తాళ్ళు లాగి చూసి, తలుపులు మూసి తెరిచి, ఎంతమంది ఎక్కవచ్చో లోపలి గోడకి రేకు కొట్టించాలి. తాను పరీక్షించని దాంట్లో ఆయన కాలు పెట్టడు. మొదటిసారి మా మామగారింటికి వచ్చినప్పుడు వాళ్ళు వేసిన కుర్చీని కూడా రెండుసార్లు ఊపి చూసి గానీ కూర్చోలేదు. మనిషి బంగారం, అనుమానం మాత్రం కాస్త ఎక్కువ.

మా మామగారు దర్జీ. ఇప్పుడు చిన్నకూతురి దగ్గరే, అంటే ఈ తోడల్లుడి ఇంట్లోనే ఉంటారు. జీవితమంతా మిషను ముందు కూర్చుని సూది బెజ్జం వంకే చూసిన మనిషి. ఆయన కళ్ళకి నీటికాసులు వచ్చాయి. చూపు అంచుల నుంచి ముడుచుకుంటూ వస్తోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే వాయిదా వేయవద్దనీ కళ్ళ డాక్టరు చెప్పేశాడు.

ఏం చూడాలని ఉందని అందరం చుట్టూ చేరి అడిగాం. పెద్దాయన సిగ్గుపడ్డారు. తర్వాత మెల్లగా అన్నారు. 

"ఇన్నేళ్ళూ మూరెడు దూరమే చూశానమ్మా. ఒక్కసారి పెద్ద చెరువు మధ్యకి వెళ్ళి, చేతిలో ఓ గాలం పట్టుకుని కూర్చోవాలని ఉంది. ఎటు చూసినా దూరమే ఉండాలి."

అంతే కోరిక! ఊరి బయట పెద్ద చెరువు ఉండనే ఉంది, అవతలి గట్టు కనిపించనంత పెద్దది. అక్కడ పడవలు అద్దెకిస్తారు, వచ్చే ఆదివారం తీసుకెళ్తే సరిపోతుందని మా మరదలు అంది. ఆవిడకి వస్తువుల విలువ తెలియదు లెండి.

తోడల్లుడికి రోషం వచ్చింది. అద్దె పడవా? మామగారినా? ఆ పడవని ఎవరు పరీక్షించారు? ఎంతమంది ఎక్కవచ్చని దానికి రేకుందా? ఎలాగూ వెళ్తున్నాం కదా, సొంత గాలంతో వెళ్దాం అన్నాడు. ఎలాగూ గాలం కొంటున్నాం కదా, మంచిదే కొందాం అన్నాడు. ఎలాగూ మంచి గాలం ఉంటుంది కదా, ఇంకా అద్దె పడవ దేనికి అన్నాడు.

పాఠకులారా, ఈ 'ఎలాగూ' అనే మాట ఉందే, మన భాషలో దీనంత బలమైన మాట ఇంకోటి లేదు. చెప్పులు కొందామని బయల్దేరిన మనిషిని బీరువాతో ఇంటికి పంపగలదు. గోడకి మేకు కొడదామనుకున్నవాడి చేత ఇల్లు కట్టించగలదు. మా తోడల్లుణ్ణి అది ఏం చేసిందో చెబుతాను.

ముందుగా కర్ర. మీరూ నేనూ అయితే కర్ర అంటే కర్ర అనుకుంటాం. ఎంత అజ్ఞానం! కర్రలో కార్బన్ ఉంది, ఫైబర్ ఉంది, రెండూ కలిసింది ఉంది. పొట్టిది, పొడుగుది, మడిచేది, విప్పేది. పైగా కర్రకి యాక్షన్ ఉంటుంది, అంటే వంగే తీరు, ఫాస్ట్ అనీ స్లో అనీ. ఇంట్లో యాక్షన్ అంటూ ఉన్నది ఆ కర్రలకి మాత్రమేనని మా మరదలు ఫోన్లో అక్కయ్యతో అన్నదట.

షాపులో సేల్స్‌మన్ ఏ చేప కోసమండీ అని అడిగాడు. చేప విషయం మా వాడు అంతదాకా ఆలోచించలేదు. ఆయన అడిగిందల్లా ఆ దారం ఎంత బరువు మోస్తుందని. చెప్పిన బరువులో సగానికి మించిన చేపని ఎక్కించరాదని అక్కడికక్కడే రూలు పెట్టాడు. మరి ఎక్కిన చేప బరువు ముందే ఎలా తెలుస్తుందని సేల్స్‌మన్ అడిగితే, అందుకే ఇంకో షాపు చూద్దామని బయటికొచ్చేశాడు.

తర్వాత గాలం వేసేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో చేరాడు. ఎంత గొప్ప గ్రూపండీ అది! దారం చుట్టే హ్యాండిల్ ఎడమచేతికి ఉండాలా కుడిచేతికి ఉండాలా అన్న చర్చలో ఇద్దరు ప్రాణస్నేహితులు మాటలు మానేశారు. ఒకాయన పొరపాటున తాను నిజంగా పట్టిన చేప ఫొటో పెట్టాడు. విషయానికి సంబంధం లేనివి పెట్టవద్దని అడ్మిన్ మందలించి తీసేశాడు.

ఇక రీలు. కర్రకి కింద బిగించి దారం చుట్టే చక్రాన్ని రీలు అంటారు. మంచి రీలు దొరకడం లేదని తోడల్లుడు భోజనాల దగ్గర రోజూ నిట్టూరుస్తుంటే మా మామగారి మనసు కరిగింది. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, తన పాత మిషను పెట్టె తెచ్చి అల్లుడి ముందు పెట్టారు. 

"రీళ్ళకేం కరువండీ అల్లుడుగారూ, పెట్టెడున్నాయి. రంగు చెప్పండి" అన్నారు.

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వారు. కానీ పెట్టెలోంచి ఆయన ఆకుపచ్చదంటూ తీసిన దారం నల్లది. అది గమనించింది మా మరదలొక్కతే. తోడల్లుడు ఆ సమయానికి రీలులో బాల్ బేరింగులు తొమ్మిది మేలా పదకొండు మేలా అన్న వీడియో చూస్తున్నాడు.

ఇలా ఎండలు పోయి వానలు వచ్చాయి. ఇందులో లాభం ఎవరికో చూశారా? చెరువులో చేపలకి! నిశ్చింతగా పిల్లల్ని పెట్టాయి. ఇంత మంది ఇంత శ్రద్ధగా గాలాలు ఎంచుకోకపోతే ఈపాటికి ఆ జాతి మిగిలేదా? జంతు ప్రేమికులు గాలాల షాపుల ముందు బ్యానర్లు కట్టాలి.

చివరికి కర్ర వచ్చింది, రీలు వచ్చింది. తోడల్లుడు వాటిని మామగారి చేతిలో పెట్టాడు. పెద్దాయన కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు, తర్వాత చూడటం మానేసి వేళ్ళతో తడిమారు. దారాన్ని గోటితో గీకి మంచి దారం అన్నారు. ఇంక వెళ్దామా అని అడిగారు. పడవ కొనగానే వెళ్దామని అల్లుడు మాటిచ్చాడు.

పాత పడవలు కొనడం గురించి ఒక ముక్క చెప్పాలి. ఏ ప్రకటన చూసినా ఒకటే మాట, 'చాలా తక్కువ వాడినది'. అన్నీ సెకండ్ హ్యాండువే, ఒక్కటీ వాడింది కాదు! ఇదెలా సాధ్యమని మీరు అడగవచ్చు. ప్రతి పడవ వెనకా మా తోడల్లుడి లాంటి జ్ఞాని ఒకడు ఉన్నాడు. ఆ పడవని ఎంచుకునేసరికి ఆయన ఓపిక అయిపోయింది.

మా వాడు చూసిన మొదటి పడవకి రంగు వెలిసింది. రెండోదానికి ఇంజను దగ్గుతోంది. మూడోదానికి ఏ లోపమూ లేదు, దాంతో ఆయనకి చెమటలు పట్టాయి. ఇంత బాగుంటే ఎందుకు అమ్ముతున్నట్టు? వద్దని వచ్చేశాడు.

ఆఖరుది ఒక మందుల షాపాయనది. వాళ్ళ ఇంటి వెనక షెడ్డులో ఉంది, దాని మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. నీళ్ళు తగల్లేదు సార్ అని ఆయన గర్వంగా చెప్పాడు. తోడల్లుడు దాన్ని పుచ్చకాయను తట్టినట్టు ముందు నుంచి వెనక దాకా తట్టాడు. ఇంజను బిగించే చెక్క నానిందేమోనని స్క్రూడ్రైవరుతో గుచ్చాడు. మందుల షాపాయన్నీ, ఆయన భార్యనీ, అత్తగారినీ ఎక్కించి నేల మీదే ఊపి చూశాడు. అంతా బాగుంది, బేరం కుదిరింది. కానీ పడవ మూలన పిల్లి ఈనింది. పిల్లలు కళ్ళు తెరిచేదాకా కదపవద్దని అత్తగారు బతిమాలింది. సరే, ఎలాగూ ఇన్నాళ్ళు ఆగాం కదా అనుకున్నాడు మా వాడు.

ఆ వ్యవధిని ఆయన వృథా చేయలేదు. నీటి అడుగున చేపలెక్కడున్నాయో చూపించే మిషను ఒకటి ఎంచుకున్నాడు. నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఎంచుకున్నాడు. లంగరు ఎంచుకున్నాడు. ఎంతమంది ఎక్కవచ్చో రేకు కూడా కొట్టించాడు.

మధ్యలో మా మామగారు ఒకటి రెండుసార్లు అన్నారు, ఏదో ఒకటి చాల్లెండి అల్లుడుగారూ అని. మీ కోసమే కదా మావయ్యగారూ అన్నాడు ఈయన. అది అబద్ధం కాదు. తండ్రిని చిన్నప్పుడే పోగొట్టుకున్న మనిషి, మామగారంటే ప్రాణం. ఏ తాడు ఎప్పుడు తెగుతుందో తెలిసిన ఉద్యోగం కదా, ఆయన్ని నీళ్ళ మీదికి తీసుకెళ్ళడమంటేనే లోపల వణుకు. ఆ వణుకు పోయేదాకా ఇంకో వస్తువు కొనేవాడు. కొన్న ప్రతి వస్తువుతోనూ వణుకు ఇంకాస్త పెరిగేది.

చివరికి ఒక ఉదయం బయల్దేరారు. గాలి లేదు, ఎండ లేతగా ఉంది. ఆ రోజు చెరువు మీద అంత చక్కటి పడవ ఇంకోటి లేదని చూసినవాళ్ళు చెప్పారు. తోడల్లుడు మామగారి చెయ్యి పట్టుకుని ఎక్కించి, ముందు సీటులో కూర్చోబెట్టి, లైఫ్ జాకెట్ బకిల్స్ మూడుసార్లు లాగి చూశాడు. ఇంజను దగ్గకుండా చెరువు మధ్యకి తీసుకెళ్ళింది. లంగరు దించాడు. కర్ర ఆయన చేతికిచ్చాడు.

పెద్దాయన కర్ర పట్టుకుని కూర్చున్నారు. ముఖం గట్టు వైపుకి ఉంది. తోడల్లుడు ఆయన భుజాలు పట్టుకుని మెల్లగా ఇటు తిప్పాడు. మామగారు అటూ ఇటూ తిరిగినందువల్ల తేడా ఏమీ లేదన్న సంగతి అల్లుడికి అప్పుడు అర్థమయింది. ఆ కళ్ళకి వెలుతురు తప్ప ఇంకేమీ అందడం లేదు. ఎప్పటినుంచని అడిగితే, పడవ బేరం కుదిరిన రోజుల నుంచీ అంతేనండీ, మీరు ఉత్సాహంగా ఉన్నారని చెప్పలేదు అన్నారు మామగారు.

తర్వాత ఆయనే అడిగారు. 

"ఎలా ఉందో మీరు చెప్పండి అల్లుడుగారూ."

తోడల్లుడు కంగారుగా చేపల మిషను వంక చూశాడు. పదహారు అడుగులుందండీ అన్నాడు. అడుగున బురద, రెండు చేపలు ఎడమవైపు వెళ్తున్నాయి అన్నాడు.

"లోతు కాదండీ," అన్నారు మామగారు. "దూరం చెప్పండి."

మా తోడల్లుడు అప్పుడు తలెత్తాడు. గాలాల కర్రల గురించి పూటంతా చెప్పగల మనిషి, బేరింగుల మీద ఉపన్యాసం ఇవ్వగల మనిషి. చుట్టూ చూసి ఇంతే అన్నాడు.

"నీళ్ళున్నాయి మావయ్యగారూ. చాలా ఉన్నాయి."

"ఊఁ. ఇంకా?"

ఇంకా ఏం చెప్పాడని నేను అడిగాను. తోడల్లుడు కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయాడు.

కాబట్టి పాఠకులారా, మీకు నేను చెప్పేదొకటే. నాలుగు షాపులు తిరగండి, నాలుగొందల రివ్యూలు చదవండి, అన్నిటికంటే మేలైనదే కొనండి. ఏదో ఒక కర్ర పుచ్చుకుని ఆ మొదటి ఆదివారమే అద్దె పడవెక్కేవాళ్ళకి ఏం మిగులుతుంది చెప్పండి? తనివితీరా చెరువు చూడటం తప్ప!