ఎవరికీ దొరకని పురుగు

అత్తగారిని తోటలో రెండు చుట్లు తిప్పి, ఎనిమిదింటికల్లా ఇంట్లో దిగబెట్టి, తొమ్మిదికి మ్యూజియంలో ఉండాలన్నది కోడలి ఆ రోజు ఆలోచన. అక్కడి పురుగుల విభాగం ఆమెదే. చచ్చిన పురుగులకు సూదులు గుచ్చి, పేర్లు రాసి, గాజు మూతల కింద పడుకోబెట్టడం పంతొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం.

పొగమంచు ఇంకా విడలేదు. చెట్లు నిలబడే నిద్రపోతున్నట్టున్నాయి. అత్తగారు బెంచీ మీద కూలబడ్డారు. మందార పొద దగ్గర కోడలి కాళ్లు ఆగిపోయాయి. ఆకు మీద వడ్లగింజంత ముక్కు పురుగు. ఒళ్లంతా లేత పచ్చ, అంచుల్లో బంగారు పొడి. పొడుగాటి ముక్కు వంచుకుని, మరిచిపోయిన మాటేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టుగా ఉంది.

ఆమె భూతద్దం తీసింది. అద్దంలో ఆకు మైదానమైంది, మంచుబొట్టు చెరువైంది. లోకంలో తానూ ఆ పురుగూ తప్ప ఇంకెవరూ మిగల్లేదు. మీసాల కణుపులు లెక్కపెట్టింది, తొడల మీద ముళ్లు వెతికింది. ఇలా మెరిసేది తన పెట్టెల్లో ఒక్కటీ లేదు.

"అత్తయ్యా! ఈ పురుగు ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు!"

అత్తగారికి వినికిడి కాస్త మందం. విన్నంతమేరకు బెంచీ మీద పక్కనున్నావిడ చెవిన వేశారు. "పొదల్లో పురుగుందట. ఎవరికీ దొరకట్లేదట."

పాతకాలం వాళ్లు పాముని పాము అనరు, పురుగంటారు. పక్కావిడ ఒక్క ఉదుటున బెంచీ ఎక్కేసింది. "ఎంత పొడుగుందట?"

"ఏమో గానీ, ఈ పురుగులకి ముక్కు మాత్రం చాలా పొడుగని మా కోడలు ఎప్పుడూ చెప్తుంటుంది."

"ముక్కే అంతుంటే ఒళ్లెంతుంటుంది తల్లీ!"

మాట గేటు దాకా వెళ్లేసరికి పురుగులు రెండయ్యాయి. ఆఫీసు గదికి చేరేసరికి పడగలు విప్పాయి. తోటల అధికారి గేట్లు మూయించి, పాములు పట్టేవాడికి కబురు పెట్టి, పొదలన్నీ నరకమని మాలీలను పురమాయించాడు.

కోడలికి ఇవేవీ తెలియవు. ఆమె పురుగును అరచేతిలోకి తీసుకుని, ఏం పేరు పెడదామా అని మంచులోకి చూస్తూ నిలబడింది. నెత్తి మీద కొమ్మ ఫెళ్లున విరిగాక ఈ లోకంలోకి వచ్చింది.

"ఆగండి! పొద కొట్టకండి! పురుగు ఇక్కడే ఉంది!"

మాలీలు కత్తులు పారేసి పరుగో పరుగు.

"కదలకండమ్మా!" మాలీల వెనకే వచ్చిన అధికారి అరిచాడు. "ఇక్కడంటే ఎక్కడ?"

"నా చేతిలో!" అంటూ చెయ్యి చాపి ఆమె రెండడుగులు ముందుకేసింది. ఆయన నాలుగడుగులు వెనక్కేసి తామరకొలనులో కూర్చున్నాడు.

అప్పుడే కొంకి కర్రతో వచ్చిన పాములు పట్టేవాడు ఆమె అరచేతిలోకి తొంగిచూశాడు.

"ఇదా? పాముల కోసం పొదల కింద గంటలకొద్దీ పడుకుంటానా, వీటితోనే నాకు కాలక్షేపం. మట్టిలోంచి కొత్తగా వచ్చినప్పుడు ఇలాగే మెరుస్తాయమ్మా. నాలుగు రోజులు ఆకుల్లో దూరి తిరిగితే పొడంతా రాలిపోయి బూడిద రంగుకొస్తాయి."

ఆమె వేలికొసతో మెల్లగా తాకింది. బంగారం వేలికంటింది. కింద బూడిద రంగు బయటపడింది. మూడొందలకు పైగా సూదులు గుచ్చి పేరు రాసిన పురుగే! ఇన్నేళ్లూ వాటి ముసలితనం ఒక్కటే చూసింది. సిగ్గుపడాల్సిన సమయమే గానీ, వేలి మీది మెరుపును చూస్తూ ఆ సంగతి మరిచిపోయింది. పురుగును తిరిగి ఆకు మీద దింపింది.

"దొరికిందా అమ్మాయ్?" కేకేశారు అత్తగారు.

"పాత చుట్టమే అత్తయ్యా!"

పదింటికి మ్యూజియంలో పెట్టె తెరిచి, చీటీ మీద తన చేత్తోనే రాసిన 'రంగు: బూడిద' కొట్టేసి, కింద ఇలా రాసింది: 'రంగు: వయసును బట్టి.'