కాలవ కట్టేసినప్పుడు కాల్పులెలాగండీ?

అయ్యలారా, అమ్మలారా! ఎదురుకాల్పులంత మేలైన ఏర్పాటు ఈ దేశంలో మరొకటి లేదు. కాదన్నవాళ్లు ఒక్కసారి కోర్టు మెట్లెక్కి రండి. గట్టు మీది కొబ్బరిచెట్టు ఎవరిదని మా తాతగారు దావా వేశారు. మా నాన్నగారి కాలమంతా వాయిదాలు పడ్డాయి. నా కాలంలో చెట్టే పడిపోయింది. తీర్పు మాత్రం ఇంకా పడలేదు.

అదే ఎదురుకాల్పులైతే? వకీలు లేడు, వాయిదా లేదు. కాఫీ వేళకి తీర్పు పేపర్లో వచ్చేస్తుంది. అప్పీలుకి వెళ్దామన్నా వెళ్లేవాడు మిగలడు. ఇంతకంటే సత్వర న్యాయం ఏముంటుంది?

వాటిని ఎదురుకాల్పులని ఎందుకంటారో గాని, నేను పేపర్లో చదివినవన్నీ ఎదురులేని కాల్పులే. దాచిన ఆయుధం చూపిస్తానని నిందితుడే దారి తీస్తాడు. చేతులకి బేడీలున్నా తుపాకి లాక్కుంటాడు. అంత దగ్గర్నుంచి పేల్చినా అతని తూటా ఒక్కరికీ తగలదు. పోలీసు తూటా మాత్రం గురి తప్పదు. చివర్లో ఒక కానిస్టేబుల్‌కి ఎడమ మోచెయ్యి గీరుకుపోతుంది. ఎడమదే ఎందుకని అడక్కండి. కుడిచేత్తో రిపోర్టు రాసుకోవాలి కదా!

మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు, వేరే దారి లేనప్పుడు మాత్రమే పోలీసు ప్రాణం తీయవచ్చని చట్టం అంటుంది. పాపం, చట్టం రాసినవాళ్లకి మా కోనసీమ తెలీదు. ఇక్కడ ఇంకో షరతు ఉంది. కాలవలో నీళ్లుండాలి.

ఎలాగంటారా? మా ఊరి సంగతే చెబుతాను.

అల్లవరం వైపు రొయ్యల చెరువుల మీద మోటార్లు పోతున్నాయి. చెరువుల ఆసామీ పోలిరాజుగారు రోజూ స్టేషన్‌కొచ్చి కూర్చోవడం మొదలెట్టారు. కాలవలు లేని మెట్ట నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఎస్సై ఉదయభాస్కర్‌గారు వెదికి వెదికి, మోటార్లు బాగుచేసుకుని బతికే వీర్రాజుని పట్టుకొచ్చారు. పోయిన మోటారు దొరకలేదు గాని, మోటారు విప్పడం వచ్చినవాడు దొరికాడు. అది చాలదా?

కోర్టుకి పంపాలంటే సాక్ష్యం కావాలి. అందుకని పంపలేదు. రికార్డు ప్రకారం వీర్రాజు పరారీలో ఉన్నాడు. పొద్దున్నే స్టేషన్ వరండా కడిగి, కుండలో నీళ్లు నింపి, లాకప్పులోకి వెళ్లి కూర్చుని మరీ పరారీలో ఉన్నాడు. అతని భార్య ఆదిలక్ష్మి అన్నం కేరేజీ పట్టుకుని స్టేషన్ పక్కనున్న టీకొట్టు బెంచీ మీద కూర్చునేది.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున ఎస్సైగారు ఆ టీకొట్టుకే వచ్చారు.

"మాటవరసకి అడుగుతున్నానండీ. పరారీలో ఉన్నవాడొకడు కాలవలోకి దూకి, ఈదుకుంటూ పోతూ మా మీద కాల్పులు జరిపాడనుకోండి. జనం నమ్ముతారా?"

కొబ్బరిరైతు శ్రీరామమూర్తిగారు గ్లాసు కింద పెట్టారు. "ఆయ్, భేషుగ్గా నమ్ముతారండి. కాకపోతే మొన్ననే కాలవ కట్టేసేరు కదండీ."

"కాలవని కట్టెయ్యడమేమిటి?"

మెట్ట మనిషి, ఆయనకేం తెలుసు? ఏటా ఎండాకాలం మరమ్మతుల కోసం పైన నీళ్లు ఆపేస్తారని టీకొట్టు యావత్తూ వంతులవారీగా వివరించింది.

"ఇప్పుడందులో కుర్రాళ్లు వికెట్లు పాతేరండి. ఈదేడంటే బాగోదండి," అన్నాడు హెడ్డు కానిస్టేబుల్ సూర్యనారాయణ.

ఎస్సైగారు పక్కనే టీ తాగుతున్న పోలిరాజుగారి వైపు తిరిగారు. "పోనీ, మీ చెరువులో?"

"నా చెరువులో వద్దండి బాబూ. కొత్తగా రొయ్యపిల్ల వేసేం. తుపాకి చప్పుడికి బెదిరిపోయి మేత మానేస్తదండి."

"కొబ్బరితోటలో?"

"మా తోటలో కాయ దింపుతున్నారండి," అన్నారు శ్రీరామమూర్తిగారు. "ప్రతి చెట్టు మీదా మనిషుంటాడు. పైనుంచి అంతా కనపడిపోద్దండి."

"అంతర్వేది సముద్రం?"

"అది వేరే స్టేషనండి," అన్నాడు సూర్యనారాయణ.

చూశారా మా వాళ్ల మర్యాద! వచ్చిన అధికారికి ఇబ్బంది కలిగితే అందరూ తలో చెయ్యీ వేశారు. అసలా మనిషిని చంపడం దేనికండీ అని అడిగి ఆయన మనసు కష్టపెట్టినవాళ్లు ఒక్కరు లేరు. నేనూ అక్కడే ఉన్నాను. నా నోట్లో గారె ఉంది.

"మరి నీళ్లెప్పుడు వదుల్తారు?"

"జూన్లోనండి. లాకులు ఎత్తేరంటే చాలు, వచ్చేస్తాయండి."

"సరే, అప్పుడే చూద్దాం," అని ఎస్సైగారు లేచారు.

ఆ విధంగా కాల్వ లేక కాల్పులాగాయి. లాకులు తెరిచేదాకా లాకప్పు తెరవరన్నమాట. బెంచీ చివర కేరేజీ ఒళ్లో పెట్టుకుని ఆదిలక్ష్మి అంతా విన్నది.

ఇప్పుడు జూన్ వచ్చింది. నారుమళ్లకి నీళ్లెప్పుడా అని ఊరు ఊరంతా కాలవ వైపే చూస్తోంది. నిన్న ఆదిలక్ష్మి నన్ను రోడ్డు మీద ఆపింది.

"బాబుగారూ, ఈ ఏడు నీళ్లు ఆలస్యంగా వదుల్తారంటారా?"

"లేదమ్మా. ఈ వారంలోనే అంటున్నారు."

ఆవిడ కేరేజీ చెయ్యి మార్చుకుంది. "ఆయనకి ఈత రాదండి. చిన్నప్పుడు రేవులో మునిగిపోతే ఎవరో లాగేరంట. అప్పట్నుంచీ మోకాలిలోతు దాటి దిగరండి. ఈదేరని పేపర్లో వేసేత్తే ఎలాగండి?"

నిజమే. ఎలాగ?

అందుకని ఆ వార్తేదో నేనే ముందుగా వేసేస్తున్నాను. వీర్రాజు పరారీ, కాలవగట్టు, దూకడం, ఈదడం, కాల్పులు, కానిస్టేబుల్ ఎడమ మోచెయ్యి, ఏదీ వదల్లేదు. మీరంతా చదివేశారు కూడా. ఒకసారి అచ్చయిన కథని రెండోసారి కొత్త వార్తంటే జనం ఊరుకోరు. ఉదయభాస్కర్‌గారు మన్నించాలి. రేపు నీళ్లొచ్చినా ఆయనకా కథ పనికిరాదు.

ఇక ఆయనకి మిగిలింది కోర్టే. స్టేషన్‌కి ఎదురుగానే ఉంది, రోడ్డు దాటిస్తే చాలు. చెట్టు పడిపోయేదాకా తీర్పు పడని కోర్టే, ఒప్పుకుంటాను. పడనివ్వండి వాయిదాలు. వాయిదాకి హాజరవ్వాలంటే మనిషి బతికుండాలి కదండీ.