మావారి కాఫీ, నా అభిప్రాయం

కాపురం చల్లగా ఉండాలంటే ఇంట్లో కాఫీ చేసే సాధనాలు కనీసం ఐదు ఉండాలి! ఒక గిన్నె, ఒక వడగట్టే గుడ్డతో నెట్టుకొస్తున్నవాళ్ళ సంసారాలు ఎలా నిలబడుతున్నాయో నాకైతే అర్థం కాదు.

నవ్వుతారని తెలుసు. నవ్వండి. నేను అనుభవం మీద చెబుతున్నాను.

మావారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. పగలంతా కొట్లవాళ్ళ కాటాలు పరీక్షించి వస్తారు. అలాంటి మనిషి ఇంట్లో కాఫీపొడి కంటి అంచనాతో వేస్తుంటే చూస్తూ ఊరుకుంటారా? ముందు చిన్న కాటా వచ్చింది. దాని వెనకే చేత్తో తిప్పే గ్రైండరు, కాగితం పెట్టే గరాటు, కొంగమెడ కెటిలు, పైనుంచి నొక్కే గాజు జగ్గు, స్పిరిట్ దీపం మీద బుడబుడలాడే జంట బుడ్లు దిగాయి. ఇవి చాలవన్నట్టు ఫ్రిజ్‌లో రాత్రంతా నానే చల్ల కాఫీ సీసా ఒకటి. దానికి చోటివ్వడానికి కూరగాయలు బయటికొచ్చి వాడిపోతున్నాయి. పోనివ్వండి, కూరగాయలదేముంది!

ఎంత ప్రశాంతత అనుకున్నారు! ఇదివరకు పొద్దున్నే గ్లాసులు పట్టుకుని కూర్చుంటే మాటలు మొదలయ్యేవి. అమ్మాయి చదువు, అత్తగారి మోకాళ్ళు, పై వాటావాళ్ళ నీళ్ళ మోటారు. మాటా మాటా పెరిగేది. ఇప్పుడా బెడద లేదు. గ్రైండరు తిరుగుతుంటే ఏం చెప్పినా వినపడదు. నీళ్ళు పోస్తుంటే అసలు చెప్పకూడదు, ధార చెదిరిపోతుంది. నేను నర్సుని. సెలైన్ ఎక్కిస్తూ కూడా పేషెంటుతో నాలుగు మాటలు మాట్లాడతాను. మా వంటింట్లో మాత్రం ఊపిరి కూడా చూసి వదలాలి. ఎంత జ్వరమున్న మనిషికీ మావారు ఆ నీళ్ళకు చూసినన్నిసార్లు నేను టెంపరేచర్ చూసి ఎరగను.

అత్తగారు కూడా మారిపోయారు. కాఫీ ఎప్పుడిస్తావురా అని కొడుకుని అడగడం మానేసి, ఏ పూటకిస్తావు అని అడుగుతున్నారు. ఆ వయసులో అంత ఓర్పు అలవడటం మామూలు విషయమా?

వీటన్నిటినీ మించిన లాభం ఇంకోటుంది. నా అభిప్రాయానికి విలువ వచ్చింది! స్థలం కొన్నప్పుడు నన్నడగలేదు. అమ్మాయిని హాస్టల్లో వేసినప్పుడు అడగలేదు. మా ఆస్పత్రి గోడల రంగే తెచ్చి మా హాలుకీ వేయించినప్పుడు సరేసరి. అలాంటి మనిషి ఇప్పుడు రోజూ కప్పు నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని, కళ్ళార్పకుండా నా మొహం చూస్తూ, "ఏం తగులుతోంది నీకు?" అని అడుగుతున్నారు.

మొదట్లో కాఫీ తగులుతోంది అనేదాన్ని. చిన్నబుచ్చుకున్నారు. కమలాపండు అన్నాను, పొంగిపోయారు. ఒకరోజు విసుగొచ్చి, తడిసిన అట్టపెట్టె అన్నాను. నా నాలుక లాంటి నాలుక ఇంకెవరికీ లేదని ఆఫీసంతా చెప్పుకున్నారట! పెళ్ళయిన ఇన్నేళ్ళకు తన నాలుక గురించి మొగుడి నోట మంచిమాట వినే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

ఈమధ్య నాకు హెడ్‌నర్సుగా ప్రమోషన్ వచ్చింది. చేరాల్సింది వేరే ఊళ్ళో. ఆ వారంలోగా అవునో కాదో చెప్పమన్నారు. వెళ్ళాలనే ఉంది. అంతకంటే ముందు ఆయనతో కూర్చుని మాట్లాడాలని ఉంది. వెళ్ళమంటారో వద్దంటారో, ఏదో ఒకటి ఆయన నోట వినాలి కదా. చెప్పబోతే గ్రైండరు తిరిగింది. మర్నాడు మళ్ళీ చెప్పబోతే, ధార పోస్తూ చూపుడువేలు పైకెత్తారు. సాయంత్రం తీరిగ్గా చెబుదామని ఆగితే, కొత్త గింజల పార్సిలు వచ్చింది. ఆ పూట స్నానాలగదిలో కుళాయి తిప్పి కాసేపు ఏడ్చాను. తెల్లారాక ఆస్పత్రికి వెళ్ళి సరేనని చెప్పేశాను. చూశారా, మాటా మాటా అనుకోకుండా ఎంత పెద్ద నిర్ణయం జరిగిపోయిందో!

ఆదివారం పొద్దున కప్పు చేతికిచ్చి, ఏం తగులుతోందన్నారు.

"నాకు ప్రమోషన్ వచ్చిందండీ. వేరే ఊరు. ఒకటో తారీకున వెళ్ళి చేరుతున్నాను" అన్నాను.

ఆయన తన కప్పు కింద పెట్టేశారు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"మరి రోజూ రుచి ఎవరు చెబుతారు నాకు?" అన్నారు.

నేను లేకపోతే ఆయనకు ఏం లోటో ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ సాధనాలే లేకపోతే అదీ తెలిసేది కాదు కదా!

ఆ రోజు కాఫీ నిజంగానే చాలా బాగా కుదిరింది. ఆయనకు చెప్పలేదు.