మూడున్నర మంది

జీవన వేతన అంచనాల కార్యాలయం ఈ ఊళ్లో కుటుంబమంటే మూడున్నర మందని తేల్చింది కాబట్టి, నలుగురున్న ప్రతి ఇంటివాళ్లూ నెలాఖరులోగా అర మనిషిని తెచ్చి కౌంటర్లో అప్పగించాలి. అప్పగిస్తే రసీదు ఇస్తారు. పై సగమో కింది సగమో ఇంటివాళ్ల ఇష్టం, ఆ విషయంలో కార్యాలయానిది పెద్ద మనసు. దమయంతి పక్కింటి దర్జీ కాళ్లు ఇచ్చేసి, కుట్టుమిషన్‌కి మోటారు బిగించుకున్నాడు.

దమయంతి జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. ఆమె జీతం మూడున్నర మందికి చక్కగా సరిపోతుందని అంచనా. ఇంట్లో మాత్రం మొండిగా నలుగురున్నారు: తను, మొగుడు దండాసి, అత్త, తొమ్మిదేళ్ల కూతురు లిఖిత. రసీదు చూపించకపోతే పని పోతుంది.

"నన్నట్టుకెల్లిపోండర్రా" అంది అత్త. అరవై దాటినవాళ్ల సగాలు చెల్లవు. దండాసి లారీలకు బస్తాలు మోస్తాడు, సగం మనిషి వీపుకి ఎవరూ బస్తా ఎత్తరు.

సూపరింటెండెంటు వైకుంఠరావు మర్యాదస్తుడు. దమయంతికి కుర్చీ చూపించి, "పాపని రాయించమ్మా. చిన్న సగం, ఇంట్లో లోటు పెద్దగా తెలీదు" అన్నాడు.

దమయంతికి ఒళ్లు మండింది. "పిల్ల జోలికి రాకండి బాబూ. నన్ను కొయ్యండి. అయినా ఈ లెక్క కట్టినోళ్లు మా సంతకొచ్చి బియ్యం ధరేటో, కూరల ధరేటో అడిగేరేటి?"

"అంచనాకి సంతతో పనేంటమ్మా? అక్కడికెళ్తే రోజుకో ధర చెప్తారు."

కోసేచోట గీత గీయడానికి సుద్దముక్క పట్టుకుని, అటెండరు ముందు ఆమెను కాటా ఎక్కించాడు. రిజిస్టరు ప్రకారం ఆడమనిషికి యాభై కిలోలుండాలి. ముల్లు ఇరవై అయిదు దగ్గర ఆగిపోయింది. అతను కాటాను రెండుసార్లు తట్టి చూశాడు.

"సార్, ఈవిడ ముందే అర ఉంది."

వైకుంఠరావు లేచి వచ్చి ముల్లు చూశాడు. మొహం వెలిగిపోయింది. "కొయ్యకుండానే మూడున్నర! మా అంచనా ఎప్పుడూ తప్పదు" అంటూ రసీదు మీద ముద్ర కొట్టాడు. "మీలాంటివాళ్ల సహకారం చూసే, వచ్చే ఏడాది మూడుంపావుకి దించుతున్నాం."

రెండో సగం ఎప్పుడు పోయిందో దమయంతి దారిపొడవునా ఆలోచించింది. పొద్దుటి చద్దన్నం మానేసిన ఏడాదో, లిఖిత పుట్టిన ఏడాదో, గుర్తు రాలేదు. పిల్ల నిండుగా మిగిలింది, అది చాలు. తల ఎత్తుకునే ఇంటికి నడిచింది.

మధ్యాహ్నం ముగ్గురికీ చేపలపులుసు వడ్డించింది. లిఖిత కంచం ఖాళీ చేసి గిన్నెలోకి తొంగి చూసింది. "అమ్మా, ఇంకో ముక్కుందేటి?"

దమయంతి తన చేపముక్క తీసి కూతురి కంచంలో వేసి, నీళ్లగ్లాసు అందుకుంది. మూడుంపావుకి ఏడాదే గడువు. ఇప్పట్నించే మొదలెట్టాలి.