మా వీధి మూల సుడిగాలికి జేజేలు

ప్రతి వీధి మూలకూ ఒక సుడిగాలి ఉండి తీరాలి. లేని వీధులకు ప్రభుత్వం వెంటనే మంజూరు చేయాలి. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను!

మా వీధికి రెండేళ్ల కిందట ఆ భాగ్యం పట్టింది. బస్టాపుకు ఇవతల పద్దెనిమిది అంతస్తుల అద్దాల బిల్డింగు లేచింది. అద్దమంటే అద్దమే. ఒక గట్టు లేదు, ఒక చూరు లేదు, చీమ కూడా జారిపడేంత నునుపు. దాని మూల మాత్రం కత్తితో కోసినట్టు ఉంటుంది. ఆ మూల తిరిగితే గానీ ఎవరికీ బస్సు దొరకదు.

కొందరు అజ్ఞానులు అక్కడ గాలి ఎక్కువంటారు. ఎక్కువేం కాదు. గాలి అందరికీ వచ్చేదే, అక్కడికొచ్చాక చెడిపోతుంది. ఈ సంగతి నాకు మా తోడల్లుడు చెప్పాడు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పోయిన నెల మా ఇంటికొచ్చినవాడు ఊరికే కూర్చోలేక, మా ఆవిడ కుట్టుమిషను పక్కనున్న డబ్బాలోంచి ఎర్ర రిబ్బను ముక్కలు ఇరవై ఏరుకుని, టేపు పట్టుకుని బయల్దేరాడు. మా ఆవిడ టైలరు. మా ఇంట్లో దేనికి కొదవున్నా ముక్కలకు లేదు.

అద్దం గోడ పొడుగునా వరసగా అతికించాడు. మూల అవతల గోడకూ అతికించాడు. ఇవతలివన్నీ ఇస్త్రీ చేసినట్టు ఒకే వైపు పడుకున్నాయి. అవతలివి మాత్రం పూనకం వచ్చినట్టు ఊగుతున్నాయి! ఒకటి పైకి, ఒకటి కిందికి, నాలుగైదు ఏకంగా వెనక్కి తిరిగి వచ్చిన దారికేసే చూస్తున్నాయి.

"చూశారా అన్నయ్యా, నున్నటి గోడని అంటిపెట్టుకున్నంతసేపూ గాలి బుద్ధిగా నడుస్తుంది. మూల ఇంత పదునుగా ఉంటే తిరగలేదు, గోడని వదిలేస్తుంది. వదిలాక దాన్ని ఆపేవాడెవడు? సుళ్లు తిరిగి నానా అల్లరీ చేస్తుంది. మూల కాస్త గుండ్రంగా కట్టుంటే ఇంత గోల ఉండేది కాదు."

గుండ్రంగా కడితే అంతస్తుకో గది తగ్గుతుందట. అంత నష్టం ఎవరు భరిస్తారు చెప్పండి?

అయినా అల్లరి అని చిన్నబుచ్చడం దేనికి? మన వీధుల్లో ఎన్నేళ్లుగా ప్రయత్నించినా రాని సమానత్వాన్ని ఆ గాలి ఒక్క మలుపులో తెచ్చింది. కోర్టులో గొంతు చించుకునే పెద్ద లాయరు గారు ఆ మూల తిరిగారంటే టై వెళ్లి మొహం మీద కూర్చుంటుంది. పాపం, కాసేపు వాదన ఉండదు. బ్యూటీపార్లర్లో మూడు గంటలు కూర్చుని చేయించుకున్న జుట్టూ, నిద్రలేచి దువ్వుకోని నా జుట్టూ బస్టాపుకు చేరేసరికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

ఇరుగుపొరుగు సంగతి చెప్పనే లేదు! పక్కింటి పళ్ల డాక్టరు గారితో మాకు మాటల్లేవు. ఇప్పుడు ఆయన తెల్లకోటు మా బాల్కనీలోకి వస్తుంది, మా తువ్వాళ్లు ఆయన వెయిటింగ్ రూములోకి వెళ్తాయి. వారానికి రెండుసార్లు ఒకరి గుమ్మంలో ఒకరం నిలబడి బట్టలు ఇచ్చిపుచ్చుకుంటున్నాం.

బిల్డింగు వాళ్లు కూడా బాధ్యత ఎరిగినవాళ్లు. మనలాంటివాళ్ల కోసం ఫిర్యాదుల పెట్టె పెట్టారు. ఎక్కడనుకున్నారు? సరిగ్గా ఆ మూలలోనే! స్టాండు మీద చీటీల కట్ట, దారంతో కట్టిన పెన్ను. రాయడం సులువే. చింపిన చీటీ పెట్టెకున్న సందుదాకా జానెడు దూరం ప్రయాణించాలి. ఆ జానెడులో అది పక్షి అవుతుంది.

పోయిన నెల మా ఆవిడ కూడా ఈ గాలి ఆశీర్వాదానికి నోచుకుంది. కుట్టిన బట్టల సంచీ పట్టుకుని మూల తిరిగింది. సంచీ బుంగలా ఉబ్బి ఆవిడను ఈడ్చుకెళ్లి మెట్ల మీద పడేసింది. కుడి మణికట్టు విరిగింది. మా తోడల్లుడు వచ్చింది రిబ్బన్లు అతికించడానికి కాదు లెండి, వాళ్ల వదినను చూడడానికి.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి! పొద్దస్తమానం టకటకలాడే మిషను నోరు మూసుకుంది. నాకు గిన్నెలు తోమడం వచ్చింది. జడ వేయడమూ వచ్చింది, కాస్త వంకరగా. కట్టు విప్పాక వేళ్లు మునుపటిలా సూది పడతాయో లేదో అప్పుడే చెప్పలేనన్నాడు ఎముకల డాక్టరు. ఆవిడ ఎడమచేత్తో సూదిలోకి దారం ఎక్కించబోతుంటే నేను చూడలేక పక్కగదిలోకి పోతున్నాను. రోజుకు పదిసార్లు. మంచి వ్యాయామం!

బిల్డింగు మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన నెలనెలా పెట్టె తాళం తీసి, లోపలికి తొంగిచూసి, రిజిస్టరులో "ఫిర్యాదులు లేవు" అని రాసి సంతకం పెడతాడట. పేజీలన్నీ తిప్పి చూపించాడు.

"చూడండి సార్, రెండేళ్లలో ఒక్కటంటే ఒక్కటి లేదు. జనం ఫుల్ హ్యాపీ."

"ఇప్పుడు నేను నోటితో చెబుతున్నాను కదండీ?"

"పెట్టెలో పడితేనే ఫిర్యాదు సార్. మా రూలు అది."

మొన్న ఆ బిల్డింగు ఊడ్చే పెద్దమ్మ ఒక గోనెసంచీ మోసుకుని మా ఇంటికొచ్చింది. మూల దగ్గర వెనక్కి తిరిగిన గాలి అన్నీ తెచ్చి చెత్తగది గుమ్మంలో పోస్తుందట.

"మీ చెయ్యి విరిగిందట కదమ్మా. మీ తువ్వాళ్లు ఇందులో ఉన్నాయి. ఈ కాయితాలు పారేద్దామంటే మనసొప్పలేదు. నాకు చదువు రాదు, ఎవరేం కష్టం రాసుకున్నారో ఏమో."

నేల మీద కుమ్మరించాం. చీటీలు! మూడొందల పైమాటే. గొడుగులు, కళ్లద్దాలు, పడబోయిన ముసలాయన, ఎగిరిపోయిన ఆస్పత్రి రిపోర్టు. ఒకదాని మీద మా ఆవిడ దస్తూరీ కనిపించింది. తేదీ చూశాను. ఆవిడ పడడానికి తొమ్మిది రోజుల ముందుది.

"ఈ మూలలో ఎవరో ఒకరు పడతారు. పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ పెట్టించండి చాలు."

"నాకు చెప్పలేదేం?" అన్నాను.

"చెప్పాను కదండీ. చీటీ ఎగిరిపోయింది, మీరు పేపర్లో రాయండి అన్నాను. గాలి మీద కూడా కాలమ్ రాస్తారా అని నవ్వారు."

నవ్వాను. ఆ వారం నేను లిఫ్టులో వినిపించే సంగీతం గురించి రాశాను. చాలా బాగుందని ఫోన్లు కూడా వచ్చాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

సంచీ తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను. "చెత్తలోంచి వచ్చినవి ఫిర్యాదులెలా అవుతాయి సార్?" అన్నాడు.

కాబట్టి పాఠకులారా, ఇందాకటి నుంచీ మీరు చదువుతున్నది కాలమ్ కాదు. నేను ఆలస్యంగా రాసిన చీటీ. రేపు మీలో ఎవరైనా ఆ దారిన బస్సుకు వెళ్తుంటే దీన్ని కత్తిరించి ఆ పెట్టెలో వేయండి. రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. మా ఆవిడకిప్పుడు ఒక్కటే పనిచేస్తోంది.