ఇంటర్వ్యూకొచ్చిన నర్సమ్మ

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, ఆలూరు హనుమంతమ్మ పెదనాయనను తోడు తీసుకొని తొలి బస్సుకే కర్నూలు బయల్దేరింది. రాయవేలూరులో నర్సింగు డిగ్రీ చదివి, ఆస్పత్రిలో పనిచేస్తున్న పిల్ల. ఇప్పుడు డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టింది. ఆ రోజే ఇంటర్వ్యూ. అడిగినదానికి జవాబు చెప్పి, పొద్దు వాలేలోగా ఇల్లు చేరుకోవాలని ఆమె ఆలోచన. బయల్దేరే ముందు నీలం చీర బయటికి తీస్తే పెదనాయన ఉరుకుందప్ప ఒప్పుకోలేదు.

"ఆస్పత్రి తెల్లచీర కట్టుకో పాపా. నీ సదువు వాళ్ల కంట్లో పడల్ల," అన్నాడు.

పడింది. ఇంటర్వ్యూ జరిగే సర్కారు బంగళా గుమ్మంలోనే బంట్రోతు అయ్యన్న ఆ చీరను ఎగాదిగా చూశాడు.

"ఎవరప్పా ఈయమ్మ?"

"మా యమ్మి. ఆస్పత్రి మనిషి, శానా సదివింది," అన్నాడు పెదనాయన మీసం దువ్వుతూ.

అభ్యర్థుల ఆరోగ్యం పరీక్షించే డాక్టరు, ఆస్పత్రి నుంచి నర్సు ఇంకా రాలేదని లోపల అప్పటికే చిందులు తొక్కుతున్నాడు. అయ్యన్న హనుమంతమ్మను నేరుగా ఆ గదిలోకి తోలాడు. మర్యాదంటే ఇదీ అనుకొని పెదనాయన కాఫీకి పోయాడు.

"అయ్యా, నేను వచ్చింది..."

"ఆలస్యంగా వచ్చావు. ముందు ఈ అబ్బాయి బరువు చూడు సిస్టర్."

చూసింది. "అయ్యా, నేను కూడా..."

"నువ్వు కూడా తర్వాత తిందువులే టిఫను. ఎత్తు చూడు."

పళ్లు కొరుక్కుంటూ ఎత్తు చూసింది. ఆ తర్వాత వచ్చిన అభ్యర్థి, అనంతయ్య శెట్టి అనే వ్యాపారి కొడుకు, సూదిని చూడగానే కళ్లు తేలేశాడు. ఆమె ఒడిసి పట్టుకుంది కాబట్టి తల పగల్లేదు. వాణ్ణి పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి పట్టుకొని ఉండగా, వరండాలోంచి పిలుపు వినిపించింది.

"ఆలూరు హనుమంతమ్మ... ఆలూరు హనుమంతమ్మ..."

"ఈడుండా," అంది.

"కాళ్లు వదలొద్దు," అన్నాడు డాక్టరు.

అయ్యన్న తల లోపలికి పెట్టాడు. "నర్సమ్మా, హనుమంతమ్మ అని ఎవరన్నా ఉండారా ఈడ?"

"నేనేనన్నా."

"ఎగతాళికి ఇదా టయిము," అని నవ్వి పోయాడు. పక్కగదిలో అతడు చెప్పేది గోడ దాటి వినబడింది. "రాలేదు సామీ."

హనుమంతమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. శెట్టి కొడుకు కాళ్లు రెండూ డాక్టరు చేతుల్లో పెట్టి, పక్కగదిలోకి పోయి, అక్కడున్న కుర్చీలో కూర్చుంది.

"అది అభ్యర్థుల కుర్చీ, సిస్టర్," అన్నాడు ఎంపిక సంఘం పెద్ద.

"తెలుసు సార్. ఇప్పుడు మీరు రాలేదని రాసుకున్న హనుమంతమ్మను నేనే."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "నర్సింగు డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది. మళ్లీ డాక్టరు చదువెందుకమ్మా?"

సేవ గురించి ఆమె కంఠతా పట్టుకొచ్చిన మాటలన్నీ కోపంలో కొట్టుకుపోయాయి. "పొద్దున్నుంచి ఒక్క మాట చెప్పాలని చూస్తాండా సార్. ఈ చీర చూసి ఎవరూ సగం కూడా విన్లేదు. వార్డులోనూ ఇంతే. డాక్టరు వచ్చేదాకా చేతులు కట్టుకొని నిలబడాల. మొన్న ఒక బాలింత అట్లనే నా ముందే పోయింది. ఇంక నేను నిలబడలేను."

పెద్దాయన పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు తలూపారు.

"సీటు ఇస్తున్నామమ్మా."

చేతులు జోడించి ఆమె తలుపు దాకా వచ్చేసరికి, వెనకనుంచి ఆయన గొంతే మళ్లీ వినిపించింది.

"వెళ్తూ వెళ్తూ ఆ తర్వాతి అబ్బాయిని లోపలికి పంపు సిస్టర్."

హనుమంతమ్మ పెదనాయనను వెంటబెట్టుకొని నేరుగా బస్సెక్కింది. ఆ అబ్బాయి పొద్దుగూకేదాకా వరండాలోనే కూర్చున్నాడట.